మద్దెల ఓటిదా, ఆట రాదా? పబ్లిక్ గోల్ఫ్ కోర్సుల డిజైన్ మీద ఒక ప్రసంగం

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఆడలేక మద్దెల ఓడు అన్నారు. ఆ సామెత పుట్టించినాయన గోల్ఫ్ ఆడి ఉండడు. ఆడి ఉంటే ఇంకో నాలుగు మాటలు కలిపేవాడు. బంతి ఇసకలో పడిందా, బంకర్, అంటే ఆ ఇసక గుంత, అక్కడ పెట్టినవాడిది తప్పు. జెండా ఉన్న నున్నటి గడ్డి మీద, అదే గ్రీన్ మీద, మూడు పట్‌లు, అంటే దొర్లించే దెబ్బలు, పట్టాయా, గ్రీన్ వాలుది తప్పు. నేనూ అంతే. నా స్కోరుకి నన్ను నేను తిట్టుకున్న రోజులు చాలా తక్కువ. నవ్వుతున్నారు కదా, మీరూ అంతేనని నాకు తెలుసు.

అయినా ఇవాళ నేను మద్దెల గురించే మాట్లాడతాను. ఎందుకంటే ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓటిదై ఉంటుంది. ఏది మన చేతకానితనం, ఏది కోర్సు గీసినవాడి చేతకానితనం? ఈ రెంటినీ విడదీయడం ఎలా? అదొక్కటే ఇవాళ్టి సంగతి.

ముందు పబ్లిక్ కోర్స్ అంటే ఏమిటో అనుకుందాం. సభ్యత్వం అడగకుండా, డబ్బు కట్టిన ఎవరినైనా ఆడనిచ్చేది. ఊరిదో, ప్రభుత్వ పార్కుదో, రిసార్టుదో కావచ్చు. ప్రైవేట్ క్లబ్బుకి డిజైన్ చేసేవాడికి తన సభ్యులెవరో తెలుసు. పబ్లిక్ కోర్సుకి రేపు పొద్దున ఎవరొస్తారో తెలీదు. 280 గజాలు కొట్టే కుర్రాడు వస్తాడు, 120 గజాలు కొట్టే పెద్దావిడ వస్తుంది, క్లబ్ ఎలా పట్టుకోవాలో ఇప్పుడే నేర్చుకుంటున్నవాడూ వస్తాడు. ఒక్కోసారి ముగ్గురూ ఒకే గ్రూపులో వస్తారు! అదే టీ దగ్గర, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట, నుంచుంటారు. ఆ ముగ్గురికీ అదే నేల మీద ఆలోచించడానికి ఏదో ఒకటి దొరకాలి. పబ్లిక్ కోర్స్ డిజైన్‌లో కష్టమంతా అక్కడే ఉంది. నన్నడిగితే, కోర్సు బాగుందో లేదో తెలుసుకోవాలంటే బాగా ఆడేవాడి వెనకాల నడవకండి. అధ్వాన్నంగా ఆడేవాడి వెనకాల నడవండి. నా వెనకాల నడిచినా సరిపోతుంది.

సరే, అంకెలతో మొదలెడదాం, ఎందుకంటే అందరూ అక్కడే మొదలెడతారు. స్కోర్ కార్డు మీద స్లోప్ అని ఒక అంకె ఉంటుంది, చూశారా? 55 నుంచి 155 దాకా ఉండొచ్చు. 113ని మామూలు కోర్సుగా లెక్కేస్తారు. ఈ అంకె ఎక్కడినుంచి వస్తుంది? హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత బాగా ఆడతాడని. స్క్రాచ్ ఆటగాడు, అంటే హ్యాండిక్యాప్ సున్నా ఉన్నవాడు, ఆ కోర్సుని ఎన్ని షాట్లలో ముగిస్తాడో ఒక అంచనా. హ్యాండిక్యాప్ ఇరవై చుట్టుపక్కల ఉన్న మామూలు ఆటగాడు, వాణ్ణి బోగీ ఆటగాడు అంటారు, ఎన్ని షాట్లలో ముగిస్తాడో ఇంకో అంచనా. రెండో దాంట్లోంచి మొదటిది తీసేసి, మగవాళ్ళకైతే 5.381తో, ఆడవాళ్ళకైతే 4.24తో గుణిస్తారు. స్క్రాచ్ వాడికి 72, బోగీ వాడికి 93 అనుకోండి. తేడా 21. గుణిస్తే 113. అదే తేడా 26 అయితే స్లోప్ 140.

ఇప్పుడు చెప్పండి, స్లోప్ 140 అంటే ఏమిటి? మంచి కోర్సనా? గొప్ప కోర్సనా? బాగా ఆడేవాడికన్నా మామూలువాడు అక్కడ 26 షాట్లు ఎక్కువ కొడతాడని, అంతే. అయినా మా స్లోప్ 140 అని గొప్పగా చెప్పుకునే కోర్సులున్నాయి. మా హోటల్లో కారం ఎంత ఎక్కువో చూడండి అన్నట్టుంటుంది. హ్యాండిక్యాప్ సర్దడానికి పుట్టిన అంకె అది, ఆ పనికి బాగానే పనికొస్తుంది. మనం దాన్ని మార్కుల కింద చదువుతున్నాం, అక్కడొచ్చింది తంటా.

ఆ లెక్కలో బోగీ ఆటగాణ్ణి ఎలా ఊహిస్తారో కూడా వినండి. మగవాడైతే టీ నుంచి 200 గజాలు, స్క్రాచ్ వాడు 250. ఆడవాళ్ళలో బోగీ ఆటగత్తె 150, స్క్రాచ్ 210. ఈ నాలుగు అంకెలు గుర్తుపెట్టుకోండి. ఏ హోల్ దగ్గర, అంటే ఒక టీ నుంచి దాని జెండా గుంత దాకా ఉన్న ముక్క దగ్గర, నుంచున్నా ఈ నలుగురినీ టీ మీద నుంచోబెట్టి చూడండి. బంకర్ ఎవరికి అడ్డొస్తోంది? 170 గజాల దగ్గర బంకర్ ఉంటే 250 కొట్టేవాడు దాని మీంచి ఎగిరిపోతాడు, దాన్ని చూడను కూడా చూడడు. 200 కొట్టేవాడు కాస్త తడబడితే అందులోనే పడతాడు. అంటే ఆ బంకర్ ఎవరికోసం పెట్టారు? ఇప్పటికే కష్టాల్లో ఉన్నవాడికోసం. అలాంటి బంకర్లు ఎన్ని కోర్సుల్లో ఉన్నాయో మీకూ తెలుసు.

ఇక ర్యాంకింగులు. పత్రికలు ప్రతి ఏడాదో రెండేళ్ళకో జాబితాలు వేస్తాయి. నేనూ చదువుతాను, చదివి కొట్లాడతాను. నా ఇబ్బంది ఒకటే. చాలాసార్లు ఆ మార్కులేసేవాళ్ళు ఒక రౌండు, అంటే కోర్సంతా ఒక్కసారి, ఆడి వెళ్ళిపోతారు. ఒక్క రౌండులో ఏం తెలుస్తుంది?

1921లో అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ పందొమ్మిదేళ్ళ కుర్రాడు. స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఊరి ఓల్డ్ కోర్సులో ఓపెన్, అంటే బ్రిటన్‌లో జరిగే పెద్ద టోర్నమెంటు, ఆడుతున్నాడు. మూడో రౌండులో మొదటి తొమ్మిది హోల్స్‌కే 46 కొట్టాడు. పదకొండో హోల్ దగ్గర బంకర్లో చిక్కుకున్నాడు. ఆట మధ్యలోనే వదిలేశాడు. ఆ రోజు ఎవరైనా వెళ్ళి, బాబూ ఈ కోర్సుకి పదికి ఎన్ని మార్కులు అని అడిగి ఉంటే? అదే మనిషి 1927లో అక్కడే ఓపెన్ గెలిచాడు, 1930లో అక్కడే బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచాడు. 1958లో ఆ ఊరు పిలిచి పౌరసన్మానం చేస్తే, జీవితంలో సెయింట్ ఆండ్రూస్ అనుభవాలు ఒక్కటీ మిగిలినా చాలన్నట్టు మాట్లాడాడు. కోర్సు మారలేదు. చూడగా చూడగా ఆయనకి అర్థమైంది. ఇంకో అమెరికా ఆటగాడు శామ్ స్నీడ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1946లో రైల్లోంచి ఆ కోర్సుని చూసి, ఇదేదో పాడుబడ్డ గోల్ఫ్ కోర్సులా ఉందే అన్నాడట. ఆ వారమే అక్కడ ఓపెన్ గెలిచాడు.

అన్నట్టు, ఓల్డ్ కోర్స్ కూడా పబ్లిక్ కోర్సే, మర్చిపోకండి. ఆ నేల ఊరిది. మామూలుగా ఆదివారం ఆట ఉండదు, జనం కుక్కల్ని తిప్పుకుంటారు. మిగతా రోజుల్లో ఆడాలంటే చీటీల లాటరీలో పేరు వేయొచ్చు. ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న కోర్సు పార్కులా ఊరందరిదీ అంటే, మనం పబ్లిక్ కోర్స్ అనగానే రెండో రకం అనుకోవడం ఎంత తప్పో చూడండి.

అక్కడ పదిహేడో హోల్ ఉంది, రోడ్ హోల్ అంటారు. పార్ 4, అంటే నాలుగు షాట్లలో ముగించాలని లెక్క. దాని దగ్గర కాసేపు ఆగుదాం. తొందరేం లేదు కదా?

ఒక హోల్‌ని చూడాలంటే నేను గ్రీన్ వెనక్కి వెళ్ళి టీ వైపు తిరిగి నుంచుంటాను. టీ దగ్గర్నుంచి చూస్తే డిజైనర్ మనకి ఏం చూపించాలనుకున్నాడో అదే కనబడుతుంది. వెనకనుంచి చూస్తే ఏం దాచాడో కనబడుతుంది. రోడ్ హోల్ గ్రీన్ వెనక నుంచుంటే కాళ్ళ కింద నిజంగానే ఒక రోడ్డు ఉంటుంది, మీ వెనక రాతి గోడ. రెండూ ఆటలో భాగమే. బంతి రోడ్డు మీద పడితే రోడ్డు మీంచే కొట్టాలి. ముందు సన్నగా, పొడుగ్గా, ఏటవాలుగా పడుకున్న గ్రీన్. దాని అవతలి అంచుని కొరుక్కుతిన్నట్టు ఒక చిన్న లోతైన బంకర్. చిన్నదే, కానీ చుట్టూ నేల దానిలోకే వాలి ఉంటుంది. కంటికి కనబడే దానికన్నా బంతికి అది చాలా పెద్దది.

1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు షాట్లలో గ్రీన్ మీదికి వచ్చాడు. రెండే షాట్లు! పట్ చేశాడు. బంతి వాలు పట్టుకుని మెల్లగా దొర్లుకుంటూ వెళ్ళి ఆ బంకర్లో పడింది. అందులోంచి బయటపడడానికి నాలుగు దెబ్బలు పట్టాయి. ఆ హోల్‌కి తొమ్మిది కొట్టాడు. ఇప్పటికీ ఆ బంకర్‌కి ఆయన పేరు పెట్టి పిలుస్తారు.

ఇది విన్నాక మీరేమంటారు? ఇదేం డిజైనండీ, ప్రపంచ స్థాయి ఆటగాణ్ణే ఇలా చేస్తే మాలాంటివాళ్ళ గతేమిటి అంటారు. ఆగండి. మనలాంటివాడు ఆ హోల్ ఎలా ఆడతాడు? 200 గజాలు కొట్టేవాడికి రెండో షాట్‌తో ఆ గ్రీన్ అందనే అందదు. గ్రీన్‌కి ముందు, కుడివైపు, నున్నటి నేల ఉంది. మూడో షాట్‌కి అక్కడికి చేరి, బంతిని నేల మీద దొర్లించి, అయిదుతోనో ఆరుతోనో బయటపడతాడు. ఒక్క బంతి పోగొట్టుకోడు. రోడ్డు చూడడు, బంకర్ చూడడు. నాలుగు కావాలన్నవాడికే ఆ బంకర్, ఆ రోడ్డు. ఆశ ఉన్నవాడి మీదే ఆ హోల్ పన్ను వేస్తుంది, ఆశ ఎంతో పన్ను అంత. దీన్నే నేను మంచి డిజైన్ అంటాను.

ఇప్పుడు ఓటి మద్దెల సంగతి చెబుతాను. పేరు చెప్పను, అడగొద్దు. నేను తరచూ ఆడే ఒక పబ్లిక్ కోర్సులో ఒక పార్ 3 ఉంది. టీకీ గ్రీన్‌కీ మధ్య చెరువు. ఫొటోలో అద్భుతంగా ఉంటుంది, వాళ్ళ క్యాలెండర్ మీద అదే బొమ్మ. గ్రీన్‌కి అన్నిటికన్నా దగ్గరున్న టీ నుంచి కూడా నీళ్ళు దాటాలంటే బంతి 130 గజాలు గాల్లో వెళ్ళాలి. ఎడమవైపు దారి లేదు, కుడివైపు దారి లేదు, చుట్టూ తిరిగి వెళ్ళే ఫెయిర్‌వే, అంటే పొట్టి గడ్డి దారి, ముక్క కూడా లేదు. ఒక పొద్దున నడుం పట్టేసి ఆడలేక, టీ వెనకాల బెంచీ మీద కూర్చుని చూశాను. ఒక పెద్దాయన వచ్చాడు, డెబ్బై దాటి ఉంటాయి. సంచిలోంచి పాత బంతి వెతికి తీశాడు. గమనించారా? కొత్త బంతి పక్కన పెట్టి పాతది తీశాడు. పోతుందని ముందే తెలుసు. కొట్టాడు, పోయింది. ఇంకోటి కొట్టాడు, పోయింది. నవ్వేసి సంచి భుజాన వేసుకుని తర్వాత హోల్‌కి వెళ్ళిపోయాడు. వెనక రెండు గ్రూపులు చేతులు కట్టుకుని నుంచున్నాయి.

ఆ పెద్దాయన చేసిన తప్పేమిటి? ఆయన ఆశపడలేదు, తెగించలేదు. ఆయనకి ఆలోచించడానికి ఏమీ లేదు. దాటితే దాటినట్టు, లేకపోతే మునిగినట్టు. రోడ్ హోల్‌కీ దీనికీ తేడా అదే. కష్టంలో చూస్తే రోడ్ హోలే ఎక్కువ కష్టం. కానీ అక్కడ బలహీనుడికి దారి ఉంది, ఇక్కడ లేదు. ఆ చెరువుకి ఎడమపక్క ఇరవై గజాల నేల వదిలి ఉంటే చాలు. ఆయన అటు కొట్టుకుని, గ్రీన్ మీదికి చిన్న దెబ్బతో చిప్ చేసి, నాలుగో అయిదో రాసుకుని దర్జాగా వెళ్ళేవాడు. ఫొటో కూడా చెడేది కాదు.

కోర్సులు గీసిన అలిస్టర్ మెకెంజీ 1920లోనే ఈ మాట చెప్పాడు. పోయిన బంతుల కోసం వెతుక్కునే చిరాకు కోర్సులో ఉండనే కూడదన్నాడు. ఎక్కువ స్కోరు కొడుతున్నా సరే, మామూలు ఆటగాడు తన రౌండుని ఆనందించగలగాలన్నాడు. మాటలు చెప్పి ఊరుకోలేదు, కాలిఫోర్నియాలో పాసటియెంపో గీశాడు. అక్కడ బయటివాళ్ళూ ఆడొచ్చు. ఆ కోర్సు ఆరో ఫెయిర్‌వే పక్కనే ఇల్లు కట్టుకుని ఉన్నాడు. తను గీసిన కోర్సు పక్కన కాపురం ఉండడానికి ధైర్యం కావాలండీ. రోజూ తిట్లు వినబడతాయి.

రెండు మూడు పెద్ద పేర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో బెత్‌పేజ్ బ్లాక్. స్టేట్ పార్కులో అయిదు కోర్సులున్నాయి, అందులో ఇదొకటి. 1936లో తెరిచారు, టిల్లింగ్‌హాస్ట్ అనే డిజైనర్ పేరు మీద ఉన్న కోర్సు. మొదటి టీ దగ్గర బోర్డు ఉంటుంది, ఇది చాలా కష్టమైన కోర్సు, బాగా ఆడేవాళ్ళకే సిఫారసు చేస్తున్నాం అని. జనం ఆ బోర్డు దగ్గర ఫొటో దిగి మరీ వెళ్ళి ఆడతారు! రాత్రి పార్కింగ్‌లో కార్లలో పడుకుని మరీ ఆడతారు. కార్టులు ఇవ్వరు, నడవాల్సిందే.

దాని నాలుగో హోల్ నాకిష్టం. పార్ 5. ఫెయిర్‌వేకి అడ్డంగా, ఏటవాలుగా ఒక మహా బంకర్. ఏటవాలు అన్నాను, ఆ మాట పట్టుకోండి. తిన్నగా అడ్డం ఉంటే దాటావా లేదా అన్నదొక్కటే ప్రశ్న. ఏటవాలుగా ఉంటే ఎక్కడ దాటాలో నువ్వు ఎంచుకుంటావు. నీ బలానికి తగ్గ చోట దాటతావు. అంత పెద్ద ఇసక కుప్పలో కూడా మర్యాద ఉంది. అదే కోర్సులో 2002 యూఎస్ ఓపెన్ అప్పుడు, వాన పడ్డ రోజున, పదో హోల్‌లోనూ పన్నెండో హోల్‌లోనూ వెనక టీల నుంచి ఫెయిర్‌వే అందాలంటేనే 250 గజాలకు పైగా గాల్లో పంపాలి. ప్రపంచ స్థాయి ఆటగాళ్ళలోనే కొందరికి ఫెయిర్‌వే అందలేదు. చూశారా, ఆ రోజు వాళ్ళకీ మన పెద్దాయన గతే పట్టింది. బాధేమిటో తెలిసొచ్చింది. ఇక బెత్‌పేజ్ బ్లాక్‌లో గ్రీన్లు చాలావరకు చదునుగా ఉంటాయి. గ్రీన్ దగ్గరికి చేరడమే అక్కడ పరీక్ష, చేరాక పెద్దగా ఏమీ అడగదు. నాకది లోటే.

శాన్ డియేగోలో టోరీ పైన్స్ సౌత్ ఊరి కోర్సు. పక్కనే పసిఫిక్, కొండ అంచులు. అంత నేల చేతిలో పెడితే ఎవరికైనా నోరూరుతుంది. కానీ సముద్రపు అంచుని వాడుకున్న హోల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఫెయిర్‌వేకి అటొకటి ఇటొకటి బంకర్, గ్రీన్‌కి అటొకటి ఇటొకటి బంకర్. ఆ మాటే మళ్ళీ మళ్ళీ వినబడుతుంది. అక్కడే 2008లో టైగర్ వుడ్స్ విరిగిన కాలితో 91 హోల్స్ ఆడి యూఎస్ ఓపెన్ గెలిచాడు. గొప్ప నాటకం. కానీ నాటకం గొప్పదైతే స్టేజీ కూడా గొప్పదేనా? ఈ రెండూ మనం కలిపేసుకుంటాం. టీవీలో చూసి చూసి కోర్సుకి మార్కులేస్తాం.

దానికి ఎదురుగా హ్యూస్టన్‌లో మెమోరియల్ పార్క్ పెట్టండి. అదీ ఊరి కోర్సే, 1936 నాటిది. టామ్ డోక్ అనే డిజైనర్ మళ్ళీ గీశాక 2019లో తెరిచారు, మరుసటేడు నుంచి ప్రొఫెషనల్స్ అక్కడ ఆడుతున్నారు. మొత్తం కోర్సులో బంకర్లు ఇరవైకి అటూ ఇటూ. అంతే! మరి ప్రొఫెషనల్‌ని ఎలా ఆపుతారు? గ్రీన్ల చుట్టూ గడ్డి పొట్టిగా కత్తిరించి, నేలని వాలుగా వదిలారు. కొంచెం తప్పిన షాట్ జారుకుంటూ ఇరవై గజాల కిందికి పోతుంది. అక్కడినుంచి ప్రోకి ఆడడం చచ్చే చావు, ఎందుకంటే వాడికి జెండా పక్కనే ఆగాలి. మనకో? పట్టర్, అదే పట్ చేసే క్లబ్, తీసుకుని దొర్లించేస్తాం. ఇసకలోంచి బయటికి కొట్టడం రానివాడు కూడా దొర్లించగలడు. ఇంకో లాభం, బంకర్ ఉంటే దాన్ని రోజూ ఎవరో ఒకరు సరిచేయాలి, వాన పడితే ఇసక ఎత్తిపోయాలి. మనుషులూ డబ్బూ తక్కువున్న ఊరి కోర్సుకి అది మోయలేని బరువు. ఈ మూడింట్లో ఏది ఎక్కువసార్లు ఆడతావని నన్నడిగితే, మెమోరియల్ పార్క్ అంటాను. ఒక్కసారే అంటే బెత్‌పేజ్.

గడ్డి గురించి ఒక్క మాట, ఎందుకంటే మనం డిజైన్‌నీ గడ్డినీ కలిపేస్తాం. వాషింగ్టన్ రాష్ట్రంలో చేంబర్స్ బే అని ఒక కోర్సు ఉంది, అక్కడి కౌంటీ ప్రభుత్వానిది. ఇసక, కంకర తవ్విన గోతిలో కట్టి 2007లో తెరిచారు. 2015 యూఎస్ ఓపెన్ అక్కడ జరిగినప్పుడు గ్రీన్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, బ్రోకలీ మీద పట్ చేసినట్టుందని స్వీడన్ ఆటగాడు హెన్రిక్ స్టెన్సన్ వెక్కిరించాడు. ఆ మాట ప్రపంచమంతా పాకింది, కోర్సే పనికిరాదన్నారు. తర్వాత గ్రీన్ల మీద గడ్డి రకం మార్చారు, ఆ గొడవ అణిగింది. గ్రీన్ల వాలు, వాటిని పెట్టిన చోటు, అవి డిజైన్. గడ్డి పోషణ. ఆ కోర్సు మీద నా ఫిర్యాదు వేరే ఉంది, ఆ ఎత్తుపల్లాల్లో నడవలేక మోకాళ్ళు అరుగుతాయి. నడక మాత్రం డిజైనే. గ్రీన్ నుంచి తర్వాత టీకి ఎంత దూరం నడిపిస్తున్నాడో ఎప్పుడైనా అడుగులు లెక్కపెట్టారా? పెట్టండి. స్కోర్ కార్డు మీద ఆ అంకె ఉండదు.

పద్దెనిమిది హోల్స్ ఉంటేనే కోర్సు అనుకునేవాళ్ళకి ఫ్లోరిడాలో వింటర్ పార్క్ చూపిస్తాను. తొమ్మిదే హోల్స్, సుమారు 2,500 గజాలు, ఊరి వీధులు దాటుకుంటూ ఆడాలి. 2016లో రైలీ జాన్స్, కీత్ రెబ్ అని ఇద్దరు మళ్ళీ గీశారు. పొడవు పెంచడానికి చోటే లేదు కాబట్టి బుర్రంతా గ్రీన్ల మీద పెట్టారు. ఫెయిర్‌వేలో ఏ పక్కన ఉన్నావన్నది లెక్కలోకొస్తుంది. చిన్న కోర్సు, కానీ 280 గజాలు కొట్టేవాడికీ అక్కడ పని ఉంది.

ఇక ప్రశ్నలు. అవునండీ, వెనక వరసలో మీరు... నార్త్ బెర్విక్ గోడ సంగతి అడుగుతున్నారు. వినబడనివాళ్ళకి చెబుతాను. స్కాట్లండ్‌లో నార్త్ బెర్విక్ వెస్ట్ లింక్స్, పదమూడో హోల్. గ్రీన్‌కి సరిగ్గా ముందు రాళ్ళ గోడ ఉంటుంది, పొట్టి గోడ. గ్రీన్ దాని అవతల పల్లంలో ఉంటుంది. ఇంతసేపూ చెరువుని తిట్టారు కదా, మరి ఈ గోడ న్యాయమా అంటున్నారు. మంచి ప్రశ్న, నన్ను ఇరికించారు.

చూడండి, ఆ గోడకి దూరంగా ఆగినవాడు ఎవరైనా, పొట్టి ఐరన్ క్లబ్‌తో బంతిని పైకి లేపి దాటించేయొచ్చు. మన పెద్దాయన కూడా దాటిస్తాడు. పొరపాటున దాటకపోయినా బంతి గోడకి కొట్టుకుని ఇవతల పడుతుంది, మునగదు. గోడకి మరీ దగ్గరగా వెళ్ళినవాడికే చిక్కు, పక్కకి కొట్టుకోవాలి. కాబట్టి చెరువుతో దానికి పోలిక లేదు. కొత్తగా కట్టే కోర్సులో గ్రీన్ ముందు గోడ పెడతానని ఎవరైనా నా దగ్గరికి డ్రాయింగు తెస్తే వద్దంటాను, అదీ నిజమే. ఉన్న ఆ గోడని ఎవరైనా తీసేస్తానంటే మాత్రం వెళ్ళి దానికి అడ్డంగా పడుకుంటాను. పొంతన లేదంటారా? లేదు. తర్వాత ప్రశ్న ఎవరిది?